‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ ఎందుకు రాదు?

ప్రశ్న: ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అని నేను రాసిన ఉత్తరంలో పై అధికారి ‘అబౌట్’ను కొట్టివేశారు. ‘టాక్ అబౌట్’, ‘డిస్కషన్ అబౌట్’ సరైనవే కదా, ఇది మాత్రం ఎలా తప్పవుతుంది?

జవాబు: మీ అధికారి దిద్దింది సరైనదే. ‘డిస్కస్’ సకర్మక క్రియ కాబట్టి, చర్చకు వచ్చిన విషయం దాని వెంటనే కర్మగా నిలుస్తుంది. ‘వుయ్ డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’ అంటే చాలు. తెలుగులో ‘సమస్య గురించి చర్చించాము’ అనడం మనకు అలవాటు గనుక, ఆ ‘గురించి’యే మనకు తెలియకుండా ‘అబౌట్’గా మారి ఇంగ్లీషు వాక్యంలోకి వచ్చేస్తుంది. రాసే ముందు ‘సమస్యను చర్చించాము’ అని ద్వితీయా విభక్తితో అనుకుంటే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది. కర్మణి ప్రయోగంలో ‘ద ప్రాబ్లమ్ వాజ్ డిస్కస్డ్’ అని రాసి ఊరుకుంటామే గాని, చివర ‘అబౌట్’ తగిలించము కదా. కర్తరి వాక్యానికీ అదే న్యాయం.

మీరు చెప్పిన ‘టాక్’ సాధారణంగా అకర్మకం, ‘డిస్కషన్’ నామవాచకం. విషయాన్ని చెప్పడానికి వాటికి ‘అబౌట్’ వంటి పదం ఆసరా కావాలి. అందువల్ల ‘వుయ్ హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద ప్రాబ్లమ్’ నిర్దోషమైన వాక్యం.

‘అబౌట్’తో పాటు కర్మను కూడా వదిలేసేవారున్నారు, నా దృష్టిలో అది ఇంకా పెద్ద లోపం. ‘వుయ్ డిస్కస్డ్ యెస్టర్‌డే’ అని ఆపితే దేనిని చర్చించారో తెలియదు సరికదా, నిన్నటి రోజునే చర్చించారన్న అర్థం కూడా రావచ్చు. ‘వుయ్ డిస్కస్డ్ ఇట్ యెస్టర్‌డే’ అనాలి. ఉత్తరాల్లో కనిపించే ‘యాజ్ డిస్కస్డ్’ మాత్రం స్థిరపడిన సంక్షిప్త రూపం, దానిని నిస్సంకోచంగా వాడవచ్చు.

ఎవరితో చర్చించారో చెప్పడానికి ‘విత్’ వస్తుంది: ‘ఐ డిస్కస్డ్ ద ప్లాన్ విత్ హర్’. చర్చించినది ఒక పని అయితే ‘టు’ పనికిరాదు. ‘దే డిస్కస్డ్ టు పోస్ట్‌పోన్ ద మీటింగ్’ తప్పు, ‘దే డిస్కస్డ్ పోస్ట్‌పోనింగ్ ద మీటింగ్’ ఒప్పు. సమావేశం వాయిదా వేయాలా వద్దా అన్నది ఇంకా తేలకపోతే ‘దే డిస్కస్డ్ వెదర్ టు పోస్ట్‌పోన్ ఇట్’ అని రాయండి. అక్కడ ‘టు’ వచ్చింది ‘వెదర్’ వల్లనే.