చదివినప్పుడు వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో రాదేం? - మేస్టారి జవాబులు

ప్రశ్న: మేస్టారూ నమస్తే అండి. మాది విశాఖపట్నం గాజువాక, ఇంజినీరింగ్ సెకండియర్. ఇంటర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి, ఇక్కడికొచ్చాక ఫస్ట్ సెమ్‌లో మ్యాథ్స్ పోయింది, సెకండ్ సెమ్‌లో ఇంకోటి పోయింది. చదవట్లేదా అంటే చదువుతున్నానండి, ఒక్కో యూనిట్ నాలుగేసి సార్లు చదువుతాను, హైలైటర్‌తో పేజీ అంతా పసుపు చేసేస్తాను, అప్పుడు మొత్తం వచ్చేసినట్టే ఉంటుంది, తీరా హాల్లో పేపర్ చూశాక ఆ జవాబు ఎడంపక్క పేజీలో కింద ఉందని గుర్తొస్తుంది గానీ అక్కడ ఏం రాసుందో గుర్తు రాదు. నాకు జ్ఞాపకశక్తి తగ్గిపోయిందంటారా? మా అమ్మ సరస్వతీ లేహ్యం తినమంటోంది.

జవాబు: లేహ్యం సంగతి నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి గానీ బాబూ, పేజీలో ఎక్కడుందో గుర్తున్నవాడికి జ్ఞాపకశక్తి లేదని ఎవరంటారు. నువ్వు గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు బస్సులో చాలాసార్లు వచ్చుంటావు కదా, ఎన్ఏడీ దాటాక బిర్లా జంక్షన్ నుంచి గురుద్వారా వరకు ఎడంపక్క ఉన్న షాపుల పేర్లు కళ్ళు మూసుకుని వరసగా చెప్పు చూద్దాం. మూడు కూడా రావు. అవే షాపులు ఫొటో తీసి చూపిస్తే మాత్రం ఇదా, ఇది నాకు తెలుసు అంటావు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. నువ్వు నాలుగుసార్లు చదివి సంపాదించింది మొదటిది, పరీక్షలో అడిగేది రెండోది.

సరిగ్గా నీలాంటి వాళ్ళ మీదే అమెరికాలో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు, 2006లో అచ్చయింది. కాలేజీ పిల్లల్లో కొందరి చేత ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు, ఇంకొందరి చేత ఒక్క విడతే చదివించి మిగతా మూడు విడతలూ పుస్తకం తీసేసి గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళకి 83 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకి 71 శాతమే. వారం ఆగి పెడితే చదివినవాళ్ళు 40 శాతానికి పడిపోయారు, రాసినవాళ్ళకి 61 శాతం నిలిచింది. ఇంకో తమాషా ఏంటంటే, వారం తర్వాత మీకెంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే, మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది ఆ నాలుగుసార్లు చదివినవాళ్ళే!

మరి ఇంటర్లో ఎలా వచ్చాయి మార్కులు అని అడుగుతావు. నాకైతే ఇలా అనిపిస్తోంది, అక్కడ రోజూ స్లిప్ టెస్టు, వారానికో వీకెండ్ టెస్టు, తప్పు చేస్తే మళ్ళీ రాయించడం, అంటే నీ పుస్తకం వాళ్ళే బలవంతంగా మూయించేవాళ్ళు, నీకేం రాదో వాళ్ళే వెతికి పెట్టేవాళ్ళు. ఆ చదువు నాకంత ఇష్టం లేదు, పిల్లల్ని పిండేస్తారు, కానీ ఆ ఒక్క పని మాత్రం జరిగేది. ఇప్పుడు సెమ్‌కి రెండు మిడ్‌లు తప్ప నిన్ను అడిగే దిక్కు లేదు, కాబట్టి ఆ పని నీకు నువ్వే చేసుకోవాలి. నాకేం వచ్చో ఏం రాదో నాకే తెలియడం, దీన్నే మెటాకాగ్నిషన్ అంటారు, 1970లలో ఫ్లావెల్ అనే ఆయన పెట్టిన పేరు, పేరు పెద్దదే గానీ పని చిన్నది.

మ్యాథ్స్‌లో ఇలా చెయ్. సాల్వ్ చేసిన లెక్క ఒకసారి చూడు, మూసెయ్, రఫ్ పేపర్ మీద మొత్తం నువ్వే చెయ్. ఆగిపోయిన చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుని అప్పుడు తెరువు, ఆ ఒక్క లైను చూసి మళ్ళీ మూసెయ్. అదే లెక్క రెండ్రోజులాగి ఒకసారి, వారమాగి ఇంకోసారి చెయ్. విసుగ్గా ఉంటుంది, తల గోక్కుంటావు, ఏదీ రావట్లేదనిపిస్తుంది, అలా అనిపించిందంటే పని జరుగుతోందన్నమాట, పసుపు గీతలు గీసినప్పుడు కలిగే ఆ హాయి ఇక్కడ దొరకదు.

ఇంకోటి, చాప్టర్ వారీగా ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేయకు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ తీసుకో, లీనియర్ చాప్టర్లో ఉన్న లెక్క లీనియరే అని నీకు ముందే తెలుసు, పరీక్షలో మాత్రం ఇది ఎగ్జాక్టా లీనియరా బెర్నౌలీయా అని కనిపెట్టడమే సగం పని. అందుకని ప్రీవియస్ పేపర్లలోంచి అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసుకో, చాప్టర్ పేరు లేకుండా, మొదట సాల్వ్ చేయకుండా ఒక్కోదానికి ఏ మెథడో మాత్రం పక్కన రాయి.

మిడ్‌కి వెళ్ళే ముందు 30కి నాకు ఎన్ని వస్తాయో ఒక చీటీ మీద రాసి దాచు. పేపర్లు ఇచ్చాక పోల్చుకో. 25 అనుకుంటే 13 వచ్చిందనుకో, ఆ 12 ఎక్కడ పోయాయో చూడు: అసలు చదవలేదా, చదివినా బయటికి రాలేదా, మైనస్ మర్చిపోయావా, టైం చాలలేదా. ఒక్కోదానికి మందు వేరే. చదివినా బయటికి రాలేదంటే పైన చెప్పిన మూసి రాయడం. టైం చాలకపోతే గడియారం పెట్టుకుని పేపర్లు చేయడం. అసలు చదవలేదంటే నన్ను అడగక్కర్లేదు.

ప్రశ్న: నమస్కారమండీ. మేం మధురవాడలో ఉంటాం, మా అమ్మాయి డిగ్రీ ఫస్టియర్. నోట్స్ ముత్యాల్లా రాస్తుంది, నాలుగు రంగుల పెన్నులు, ఫోన్లో లెక్చర్లు కూడా స్పీడు పెంచి మరీ చూస్తుంది, రాత్రి పదకొండు దాకా కష్టపడుతుంది, మార్కులు మాత్రం రావట్లేదు. నాకు ఆ సబ్జెక్టులు తెలీవు, నేనేం సాయం చేయగలను?

జవాబు: సబ్జెక్టు తెలియకపోవడమే మీకు మంచిదమ్మా. సాయంత్రం మీరు కూర తరుగుతున్నప్పుడు ఇవాళ ఏం చెప్పారో నాకు చెప్పవే అని కూర్చోబెట్టండి, నోట్సు లేకుండా. అర్థం కాని చోట "అంటే ఏటి?" అనండి, అంతే. రెండు మూడు "అంటే ఏటి"లకి పిల్ల ఎక్కడో ఆగిపోతుంది, ఆగిన చోటు దానికే తెలుస్తుంది, ఆగింది కదాని మీరు దెబ్బలాడకండి. ముత్యాల్లాంటి నోట్సు తప్పేం కాదు గానీ అది రాస్తున్నప్పుడు చెయ్యే ఎక్కువ పనిచేస్తుంది, బుర్ర కాదు. 2013లో డన్‌లోస్కీ, ఆయనతోటి వాళ్ళు 10 రకాల చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, గీతలు గీయడాన్నీ మళ్ళీ మళ్ళీ చదవడాన్నీ తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో వేశారు, తనని తాను పరీక్షించుకోవడాన్నీ రోజులు ఎడం ఇచ్చి చదవడాన్నీ బాగా పనికొచ్చేవాటిలో వేశారు. వీడియో కూడా అంతే, పది నిమిషాలకోసారి ఆపి ఇప్పటిదాకా ఏం చెప్పాడో చెప్పుకోమనండి.

ప్రశ్న: సార్, నేను అనకాపల్లి నుంచి రోజూ అప్ అండ్ డౌన్. బస్సుల్లోనే మూడు గంటలు పోతున్నాయి, ఇంటికెళ్ళేసరికి ఓపిక ఉండదు. హాస్టల్లో ఉండే స్తోమత లేదు. ఎప్పుడు చదవను?

జవాబు: ఈ ఉత్తరం చదివాక ఉచిత సలహా ఇవ్వడానికి నాకు మొహమాటంగానే ఉంది తమ్ముడూ, మూడు గంటలంటే మాటలా. అయినా ఒకటి చెప్తాను. ఎబ్బింగ్‌హౌస్ అని ఒక జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీపట్టి ఎంతసేపటికి ఎంత పోతోందో లెక్క కట్టాడు, 1885లో పుస్తకం వేశాడు. మరుపు నెమ్మదిగా సమానంగా రాదు, మొదటి కొన్ని గంటల్లోనే బోలెడు పోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అంటే సాయంత్రం నువ్వు బస్సులో నిలబడే ఆ టైంలోనే పొద్దున్న విన్న పాఠం జారిపోతూ ఉంటుంది. రాడ్ పట్టుకుని నిలబడ్డవాడికి పుస్తకం తెరవడానికి కుదరదు, కుదరకపోవడమే లాభం. ఫస్ట్ అవర్లో ఏం చెప్పారు, బోర్డు మీద ఏ బొమ్మ వేశారు, ఏది అర్థం కాలేదు, ఇలా గాజువాక దాటేదాకా అనుకో, తర్వాత నిద్రొస్తే నిద్రపో, సీటు దొరికితే. గుర్తురానివి దిగాక ఫోన్లో రెండు మాటలు టైప్ చేసుకుని మర్నాడు అవే చూడు, మొత్తం చాప్టర్ కాదు. క్లాసుల మధ్య గంట దొరికితే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చోవచ్చు, ఆ గంట మూసి రాయడానికే వాడు.

ప్రశ్న: రాత్రి చదవడం మంచిదా, తెల్లారగట్ల మంచిదా?

జవాబు: నీకు ఎప్పుడు నిద్ర రాదో అప్పుడు. మొత్తం నిద్ర మానేసి మాత్రం చదవకు, చదివింది బుర్రలో స్థిరపడడానికి నిద్ర కావాలి.

ప్రశ్న: మేం నలుగురం ఫ్రెండ్స్ పరీక్షల ముందు ఆర్కే బీచ్‌లో కంబైండ్ స్టడీ చేస్తాం. ఇంట్లో తిడుతున్నారు. ఇది వేస్టా?

జవాబు: మా రోజుల్లో హాస్టల్ డాబా మీద నేను గట్టిగా చదివేవాణ్ణి, నా రూమ్మేటుకి మార్కులు వచ్చేవి, వాడు నేను చదివింది విని మధ్యలో ఆపి నన్ను ప్రశ్నలు అడిగేవాడు మరి. మీ నలుగురూ నాలుగు పుస్తకాలు తెరుచుకుని పక్కపక్కన కూర్చుంటే ఇంట్లో వాళ్ళు తిట్టడం న్యాయమే. ఒకే పుస్తకం తీసుకెళ్ళండి, అది ఒకడి చేతిలోనే ఉండాలి, వాడు అడగాలి, మిగతా ముగ్గురూ చెప్పాలి, పావుగంటకోసారి పుస్తకం చేతులు మారాలి. ఎవడికి తక్కువ జవాబులు వస్తే మురీ మిక్చర్ డబ్బులు వాడివి.