గుణుపురం చెల్లెమ్మకు, తెర మీది బొమ్మల గురించి

బరంపురం

చెల్లెమ్మకు ఆశీస్సులు.

నీ చిన్న పుస్తకం చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ఒడిశా సర్కారు భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఒడియా పట్టా చూసుకోవడం ఎలాగో మన తెలుగు ఇళ్ళవాళ్ళకి చెప్పాలన్న ఆలోచన బాగుంది. ఒడిశా వేరుగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 నుంచి పర్లాకిమిడిలోనూ మీ గుణుపురంలోనూ ఇంట్లో మాట ఒకటి, సర్కారు కాగితం మీద లిపి ఒకటి. ఆ మధ్య సందులో నిలబడే పుస్తకం కావాల్సిందే. నీ వాక్యాల సంగతి చివర్లో చెప్తాను. అసలు చిక్కంతా బొమ్మలతోనే ఉంది.

ఒక్క విషయం మనసులో పెట్టుకో. నీ పుస్తకం కొనేవాడు ఒడియా చదవడు, పోల్చుకుంటాడు. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, అందులో ఉన్న అక్షరం ఆకారాన్నీ తెర మీద ఉన్న ఆకారాన్నీ చూసి "ఇదే కాబోలు" అని నొక్కుతాడు. ఒడియా నాలుగు అంకె మన కంటికి పైన మూత తీసిన ఎనిమిదిలా ఉంటుంది. 'ఠ' అక్షరం అచ్చంగా మన సున్నలాగే ఉంటుంది. అలాంటి చోట బొమ్మ మసకబారితే పక్కవాడి ప్లాటు తెరిచి కూర్చుంటాడు.

ముందుగా ఫోనుతో తీసిన ఆ ఆరు బొమ్మలు తీసెయ్యి. వాటి మీద రంగురంగుల చారలు నీ చెయ్యి వణికి వచ్చినవి కావు. తెరకి చుక్కల గడి ఒకటి, కెమెరాకి ఇంకొకటి. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడితే అలలు కనిపిస్తాయి చూడు, అదే ఇదీ. ఎంత ఖరీదైన ఫోనైనా అంతే. స్క్రీన్‌షాట్ కంప్యూటరులోనే పట్టాలి. దాన్ని 'తెరపట్టు' అన్నావు. మాట ముచ్చటగానే ఉంది గానీ నెట్ సెంటర్లో కుర్రాడు స్క్రీన్‌షాట్ అనే అంటాడు, నువ్వూ అదే రాయి.

విండోస్ అయితే గ్రీన్‌షాట్ వేసుకో. లైనెక్స్ అయితే ఫ్లేమ్‌షాట్. రెండూ జీపీఎల్ లైసెన్సు మీద వచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగేవి. ఉచితంగా దొరికేదల్లా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. కొన్ని ఉచితం అంటూనే బొమ్మ మూల తమ ముద్ర వేస్తాయి, పది రోజులకి డబ్బు అడుగుతాయి. ఏది దింపుకున్నా దాన్ని తయారుచేసేవాళ్ళ సొంత సైటు నుంచే దింపుకో. మూడు ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లు ఒకేసారి కనిపించే పేజీలో అసలుది ఏదో ఎవరూ చెప్పలేరు. షేర్‌ఎక్స్ కూడా మంచిదే, అదీ జీపీఎల్‌దే. పేజీని కిందికి జరుపుకుంటూ పొడవుగా పట్టగలదు. కాకపోతే బొమ్మ పట్టాక ఏమేం చెయ్యాలో దానికి ఒక జాబితా ఉంటుంది. అందులో అప్‌లోడ్‌కి టిక్కు ఉంటే తీసెయ్యి. లేకపోతే ఎవరిదో పట్టా నీకు తెలియకుండానే నెట్ ఎక్కుతుంది.

గ్రీన్‌షాట్‌లో ప్రింట్ స్క్రీన్ కీ ఒక్కటే నొక్కితే కావలసిన ముక్క గీసుకోవచ్చు. ఆల్ట్‌తో కలిపితే విండో ఒక్కటే, కంట్రోల్‌తో కలిపితే తెర మొత్తం. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే కిందటిసారి గీసిన ముక్కనే మళ్ళీ అంతే కొలతకి పడుతుంది. నీకు అసలు పనికొచ్చేది ఇది. నీ పుస్తకంలో జిల్లా, తహసిల్, గ్రామం ఎంచుకునే మూడు బొమ్మలు మూడు వెడల్పుల్లో ఉన్నాయి. పాఠకుడికి అవి మూడు వేరే పేజీల్లా కనిపిస్తాయి. ఒకసారి గీసి, షిఫ్ట్‌తో మూడూ పడితే, మారింది ఏదో కంటికి దానంతటదే దొరుకుతుంది.

కీ నొక్కితే గ్రీన్‌షాట్ రాకుండా వేరే కిటికీ తెరుచుకుంటోందని రాశావు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆ కీని సిస్టమ్‌లో ఉన్న స్నిప్పింగ్ టూల్ తీసేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్‌లోకి వెళ్ళి ప్రింట్ స్క్రీన్‌కి సంబంధించిన మీట ఆపెయ్యి. అయినా రాకపోతే వన్‌డ్రైవ్ పట్టుకుని ఉంటుంది, దాని బ్యాకప్ సెట్టింగులో స్క్రీన్‌షాట్ల టిక్కు తీసెయ్యి. చిన్న లాప్‌టాప్‌లలో ఆ కీ ఎఫ్‌ఎన్‌తో కలిపితేనే పలుకుతుంది, అదీ చూసుకో.

లైనెక్స్‌లో ఇంకో తంటా ఉంది. మెనూ విప్పి ఉండగా ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఏమీ జరగదు. లైనెక్స్‌లో తెరని నడిపే పాత ఎక్స్11 పద్ధతిలో విప్పిన మెనూ కీబోర్డు మొత్తాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. మూసేదాకా ఇంకెవరికీ కీ అందదు. అందుకని ఫ్లేమ్‌షాట్ లాంచర్‌లో ఆలస్యం 5 సెకన్లు పెట్టి, ఆ లోపల మెనూ విప్పి, చెయ్యి తీసేసి ఆగు. కొత్త వేలాండ్ పద్ధతిలో ఫ్లేమ్‌షాట్ అనుమతి అడిగి సతాయిస్తే దాంతో గుద్దులాడకు. నీ డెస్క్‌టాప్ గ్నోమ్ అయితే, దాని 42వ వెర్షన్ నుంచి, అంటే 2022 నుంచి, స్క్రీన్‌షాట్ పరికరం గ్నోమ్‌లోనే ఉంది. ప్రింట్ స్క్రీన్ నొక్కితే అదే వస్తుంది. గీతలూ అంకెలూ తర్వాత వేరేగా వేసుకోవచ్చు.

ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కి, పేజీ మొత్తం అన్న బటన్ ఎంచుకుంటే పేజీ మొత్తం పడుతుంది. పట్టా ముందు పేజీ పొడవుగా వస్తుంది కాబట్టి అక్కడ ఇది బాగా ఆదుకుంటుంది. కానీ అది పేజీని మాత్రమే పడుతుంది. విప్పిన జాబితా, మౌస్ బాణం అందులో రావు. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్ జాబితా విప్పి చూపించాల్సిన బొమ్మ ఖాళీగా వచ్చింది అందుకే.

ఇప్పుడు కొలతల సంగతి. నీది ఏ5 సైజు, వెడల్పు 148 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 18 చొప్పున వదిలితే బొమ్మకి మిగిలేది 112, అంటే సుమారు 4.4 అంగుళాలు. నీ లాప్‌టాప్ తెర 1366 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పు. తెర మొత్తం అందులో ఇరికిస్తే అంగుళానికి 310 చుక్కలు వస్తాయి. ప్రెస్సువాడు భేష్ అంటాడు. కానీ తెర మీద 16 చుక్కల ఎత్తున్న అక్షరం కాగితం మీద మిల్లీమీటరున్నర కూడా ఉండదు. నీ ఏడో బొమ్మలో జరిగింది అదే. ఖతియాన్ (భూమి ఖాతా) నంబరు గడి ఉందని నువ్వు రాశావు కాబట్టి ఉందనుకోవాలి, నాకైతే భూతద్దానికీ దొరకలేదు.

అదే తెరలో 660 చుక్కల వెడల్పు ముక్క మాత్రమే కత్తిరించి వేస్తే ఆ అక్షరం 2.7 మిల్లీమీటర్లు అవుతుంది. చదవచ్చు, అయితే అంగుళానికి 150 చుక్కలే కాబట్టి అంచులు గరుకుగా వస్తాయి. దానికి మందు ఉంది. పట్టేముందే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కుతూ బ్రౌజర్‌ని 200 శాతానికి పెంచు, 1320 చుక్కల ముక్క పట్టు. కాగితం మీద అక్షరం కొలత అంతే, చుక్కలు మాత్రం రెట్టింపు. పట్టాక బొమ్మని సాగదీస్తే ఈ ఫలితం రాదు, లేని చుక్కలు ఎక్కడినుంచీ పుట్టవు.

సేవ్ చేసేది పీఎన్‌జీలోనే. జేపెగ్ ఫొటోల కోసం పుట్టింది. అక్షరం అంచులాంటి నల్లటి గీత తెల్లటి నేలని తాకే చోట అది చుట్టూ ధూళి చల్లుతుంది. ఒడియా గుండ్రాలకి ఆ ధూళి అంటితే చాలు, ఒక అంకె ఇంకో అంకెలా కనిపిస్తుంది. పీఎన్‌జీలోనే దాచి కూడా నువ్వు చేసిన పొరపాటు ఒకటుంది, డీటీపీ షాపుకి వాట్సాప్‌లో ఫొటోగా పంపావు. దారిలో అది జేపెగ్ అయి చిక్కిపోయింది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఎర్ర బాణాలు కంప్యూటరులో ముద్దొస్తాయి. నీ పుస్తకం నలుపు తెలుపులో, పైగా జిరాక్స్ మీద జిరాక్స్ అవుతుంది. ఎరుపు అక్కడ బూడిద రంగై పోతుంది. గ్రీన్‌షాట్‌లోనూ ఫ్లేమ్‌షాట్‌లోనూ వరస అంకెలు వేసే పరికరం ఉంది. నల్లటి గుండ్రంలో తెల్లటి అంకె పెట్టు. ఒక్క బొమ్మలో మూడు అంకెలు మించకు. అక్షరాల మీద పడకుండా పక్కన ఖాళీలో పెట్టు. తెల్ల పేజీ తెల్ల కాగితంలో కలిసిపోకుండా చుట్టూ సన్నటి నల్ల గీత కట్టు. డార్క్ థీమ్‌లో ఉంటే ముందు మార్చెయ్యి, లేకపోతే జిరాక్స్‌లో మసిగుడ్డలా వస్తుంది.

తెలుగు మాటలు బొమ్మ లోపల రాయకు. రేపు ఒక్క అక్షరం దిద్దాలన్నా బొమ్మంతా మళ్ళీ తియ్యాలి. బొమ్మలో అంకె, కింద ఆ అంకెకి వివరణ, అంతే. వివరణకి మండలి ఫాంటు సరిపోతుంది. గిడుగు వారి పేరు మీద ఉన్న ఫాంటు వాడావు, పర్లాకిమిడి అభిమానం అర్థమవుతోంది గానీ అది శీర్షికలకి, చిన్న అక్షరాలకి నప్పదు.

పేర్ల విషయంలో గట్టిగా చెప్తున్నాను. పట్టాలో రైతు పేరు, తండ్రి పేరు, కులం, ఊరు అన్నీ ఉంటాయి. ఎవరైనా సైటులో చూడగలరు నిజమే, అంతమాత్రాన నీ పుస్తకంలో అచ్చువెయ్యడానికి వాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. నువ్వు మసక చేసి వదిలావు. చదరాలు చేసినా మసక చేసినా అసలు అక్షరం జాడ అందులో మిగులుతుంది, ఓపికున్నవాడు వెనక్కి లాగగలడు. నల్లటి నిండు పెట్టె పెట్టు. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో కత్తిరించి ఊరుకుంటే కత్తిరించిన భాగం ఫైలులోనే దాక్కుని ఉంటుంది. అందుకని రైటర్‌లో పెట్టకముందే బొమ్మని వేరేగా కత్తిరించి సేవ్ చెయ్యాలి. 2023లో కొన్ని ఫోన్లలోనూ విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ కత్తిరించిన బొమ్మని పాత ఫైలు మీదే సేవ్ చేస్తే తీసేసిన భాగం తిరిగి రాబట్టగలిగే లోపం బయటపడింది. దిద్దారు. అయినా కత్తిరించినదాన్ని ఎప్పుడూ కొత్త పేరుతోనే సేవ్ చెయ్యి.

రైటర్‌లో బొమ్మలు పేజీలు మారి దూకుతున్నాయని ఏడ్చావు. బొమ్మని పేజీలో దేనికి కట్టాలో చెప్పే యాంకర్‌ని 'అక్షరంలా' అని పెట్టు. పేరాతోపాటే కదులుతుంది. ఫైలు పేర్లు 01, 02 అని మొదలుపెట్టు, ఒట్టి 2 అంటే కొన్ని చోట్ల 10 తర్వాత వచ్చి కూర్చుంటుంది. ఏ గీతా పెట్టని అసలు బొమ్మలు వేరే ఫోల్డరులో దాచు. ప్రతి బొమ్మ పక్కన తీసిన తేదీ వెయ్యి. సైటు రూపు మారినప్పుడు పాఠకుడు తనని తాను తిట్టుకోకుండా ఉంటాడు.

ఇక వాక్యాలు. "అనంతరము వినియోగదారుడు ఎంపిక చేయవలెను" అని రాశావు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది మీకు అంత దూరం కాని పర్లాకిమిడిలో ఉండే. "ఎడమ పక్క, పైనుంచి రెండో గడి. అందులో మీ తహసిల్ నొక్కండి" అని రాయి. చోటు ముందు, పని తర్వాత. చెయ్యి ఎక్కడికి పోవాలో తెలిశాక కదా నొక్కేది. ఒడియా మాట ఎలా పలుకుతుందో తెలుగు అక్షరాల్లో ఇవ్వు, చదవలేనివాడు కూడా నెట్ సెంటర్లో అడగగలుగుతాడు. ఖతియాన్, ప్లాటు, టెనెంట్ (రైతు) పేరు, ఈ మూడింటిలో ఏదో ఒకటి తెలిస్తే చాలన్న ముక్క నువ్వు తొమ్మిదో పేజీలో చెప్పావు. అది మొదటి పేజీకి రావాలి, లేకపోతే కాగితాలు తెచ్చుకోకుండానే మనిషి కంప్యూటరు ముందు కూర్చుంటాడు.

మొత్తం ఒకేసారి మార్చకు. ఏడో బొమ్మ ఒక్కటి మళ్ళీ తీసి, అచ్చువేసి, ఆ అచ్చుని జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌ని మళ్ళీ జిరాక్స్ తీయించి, ఆ మూడో కాపీ పోస్టులో పంపు. ఫైలు పంపకు.

ఇట్లు
అన్నయ్య