ప్రభుత్వ యూనివర్సిటీని కంపెనీ లెక్క నడిపితే బాగుపడ్తదా? నేను చూసింది చెప్త

తమ్మీ, నువ్వు అడిగింది ఏందంటె కంపెనీలల్ల ఉండే టార్గెట్లు, అప్రైజల్స్, క్వాలిటీ పద్ధతులు మన ప్రభుత్వ యూనివర్సిటీలల్ల పెడితే బాగుపడ్తయా అని. కొన్ని ఇయ్యాల్నే పెట్టాలె, కొన్ని అస్సలు పెట్టొద్దు.

నేనుండేది హన్మకొండల. హైదరాబాద్ల ఒక ఫ్యాక్టరీల ఆరేండ్లు క్వాలిటీ డిపార్ట్‌మెంట్ల చేసి, తర్వాత మన ఉత్తర తెలంగాణలనే ఒక ప్రభుత్వ యూనివర్సిటీల కాంట్రాక్ట్ లెక్చరర్‌గా చేరిన, పేరు ఇక్కడ చెప్పను. న్యాక్ టీం, అంటె కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చేటోళ్లు, వస్తదని కమిటీలు ఏస్తుంటె, నువ్వు కంపెనీ నుంచి వచ్చినవ్ గదా అని నన్ను గూడ ఏసిండ్రు.

ఎగ్జామ్ బ్రాంచ్ కాడ రోజూ కనవడేది ఏందంటె, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం ఊర్ల నుంచి పిల్లలు ఫస్ట్ బస్సుకు వచ్చి కిటికీ ముందట మధ్యాహ్నం దాక నిలవడుడు, రేపు రా అంటె మళ్ల బస్సెక్కుడు. ఒక అమ్మాయి మూడుసార్లు తిరిగింది, జాబ్‌కు సర్టిఫికెట్ వెరిఫికేషన్ డేట్ దగ్గర పడ్డది, వాళ్ల నాయిన తోడొచ్చిండు, ఆయనకు మూడు రోజుల కూలి పోయినట్టే గదా.

ఫ్యాక్టరీల చేసే పనే ఇక్కడ చేసినం. ఒక్క అప్లికేషన్ పట్టుకొని, అది ఏ టేబుల్ మీద ఎంతసేపు ఉన్నదో నోట్‌బుక్కుల రాసుకుంట పోయినం. మొత్తం 17 రోజులు పట్టింది, అండ్ల మనుషులు నిజంగ పని చేసింది కలిపితే 40 నిమిషాలు. మిగతదంత కట్టల్ల పడి ఉండుడే. ఎక్కువ ఆగింది రికార్డ్ రూంల, ఆ తర్వాత సంతకం కాడ, ఎందుకంటె సారు మీటింగ్‌కు పోతె ఇంకొకరికి సంతకం పెట్టే అధికారం లేకుండె. టయోటా వాళ్ల పద్ధతిల నాకు నచ్చింది ఇదే, పని ఏడ ఆగుతుందో చూడుమంటది, మనిషిని తిట్టుమనదు. ఇంకో ఆఫీసర్‌కు గూడ సంతకం అధికారం ఇప్పించినం, చలాన్ చూసుడు, మార్కులు సరిచూసుడు ఒక్క కౌంటర్ల పెట్టినం, రికార్డ్ రూంల రిజిస్టర్లన్ని సంవత్సరం వారీగ సర్దినం, 17 రోజుల పని 3 రోజులకు వచ్చింది. ఎవ్వరికీ టార్గెట్ పెట్టలే.

ఇగ క్లాస్‌రూం సంగతి వేరే. 2010ల యూజీసీ లెక్చరర్లకు ఏపీఐ పాయింట్లు, అంటె చేసిన పనికి మార్కులేసే లెక్క, తెచ్చింది, పేపర్‌కు ఇన్ని, సెమినార్‌కు ఇన్ని అని. ప్రమోషన్ దానికి ముడివడ్డంక పైసలు తీస్కొని ఏదిస్తె అది అచ్చేసే జర్నల్స్ లేచినయ్, ఆఖరికి 2018ల యూజీసీనే తన లిస్టు నుంచి 4,305 జర్నల్స్ తీసేసింది. మా దగ్గర ఒక సారు ఉండె, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలను సాయంత్రం కూసోవెట్టుకొని అకౌంట్స్ మళ్ల మొదటి నుంచి చెప్పేటోడు, ఆ ఫారంల దానికి ఒక్క గడి గూడ లేకుండె, నాకు ఇప్పటికీ బాధనిపిస్తది. క్వాలిటీ అంటె అందరు పేరు చెప్పే అమెరికా నిపుణుడు డెమింగే తన 14 సూత్రాలల్ల నంబర్ కోటాలు తీసెయ్యుమన్నడు, పనిచేసేటోళ్ల భయం పోగొట్టుమన్నడు, టార్గెట్లు కావాలనేటోళ్లు ముందుగాల అది చదవాలె.

వీసీ అంటె సీఈఓ లెక్క ఉండాలె అనేది గూడ కొత్త మాట కాదు, బ్రిటన్‌ల యూనివర్సిటీలను ఎట్ల నడపాల్నో చూసిన 1985 జారట్ రిపోర్ట్ దాదాపు అదే చెప్పింది. కానీ కంపెనీ నష్టమొచ్చే సరుకు బంద్ పెడ్తది, మనం ఏటూరునాగారం నుంచి వచ్చిన పిల్లకు మీ డిపార్ట్‌మెంట్ల ఆరుగురే ఉన్నరు, బంద్ పెడ్తున్నం అని ఎట్ల చెప్తం? ఆమెకు ఇంకో యూనివర్సిటీ ఏడున్నది?

ఇంకో ముచ్చట. ఫ్యాక్టరీల లైన్ నడవాలంటె ముందుగాల మనుషులను పెడ్తరు. మా రికార్డ్ రూంల ఏ రిజిస్టర్ ఏడున్నదో చూడకుండ చెప్పే అటెండర్ ఒక్కడే ఉండె, ఏడాదికి రిటైర్ అయిండు, ఆ పోస్టు నింపలే. ప్రొవిజనల్ మళ్ల 12 రోజులకు పోయింది.