చేను కౌలుకిచ్చారా, అమ్మేశారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. 2018లో ఒక సూపర్ హీరో పాత్రను సృష్టించి, కామిక్ గీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. 2019 జూన్‌లో హైదరాబాద్ నిర్మాణ సంస్థ ఒకటి ఐదు లక్షలకు సినిమా హక్కులు తీసుకుంది. లక్ష ఇచ్చి, మిగతాది డిసెంబరు ఆఖరుకి ఇస్తామన్నారు. డబ్బూ రాలేదు, సినిమా పనీ మొదలవ్వలేదు. ఇప్పుడు నా హీరోనీ, భీమవరం స్నేహితుడి హీరోనీ కలిపి ఒకే సినిమా తీద్దామంటే వాళ్లు నోటీసు పంపారు. అగ్రిమెంటు 14 పేజీలు, నా దగ్గర మొదటి, చివరి పేజీల ఫోటోలే ఉన్నాయి. ఆ పాత్ర నా కన్నబిడ్డ లాంటిది. నాకే హక్కు లేదా? పాత్ర మొదటినుంచీ మా ఇద్దరిదీ అని పాత తేదీ స్టాంపు పేపరు మీద రాసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది, పైన ఇచ్చింది దాని సారం. మిగతాదంతా మీ బాధ. అది కోర్టులో పనికిరాదు కాబట్టి పక్కన పెడుతున్నాను. కేసు తేలేది మీరు ఒక్క వాక్యంతో దాటేసిన చోట, ఫోటో తీయని ఆ పన్నెండు పేజీల్లో. అరెకరం కౌలుకిచ్చినా కాగితం కాపీ దాచుకుంటాం కదండీ, ఊహించి గీసిన పాత్రను చేతికిచ్చి కాపీ అడగకుండా ఎలా వచ్చేశారు?

సినిమా హక్కుకీ పొలానికీ పోలిక సరిపోతుంది. లైసెన్సు అంటే కౌలు. అసైన్‌మెంట్ అంటే అమ్మకం, అయితే దానికీ గడువు ఉండొచ్చు. అమెరికాలో సూపర్ హీరో కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీ 1990లలో డబ్బు కష్టాల్లో పడి, 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆ దశాబ్దంలోనే దాని హీరోల్లో ఎక్స్-మెన్ సినిమా హక్కులు ఫాక్స్ స్టూడియోకి, స్పైడర్ మ్యాన్ హక్కులు సోనీ స్టూడియోకి వెళ్లాయి. కామిక్ పుస్తకాల్లో భుజం భుజం కలిపి పోరాడిన హీరోలు తెర మీద ఏళ్ల తరబడి కలవకపోవడానికి కారణం అదే. 2015 ఫిబ్రవరిలో సోనీతో ఒప్పందం కుదిరాకే, మరుసటి ఏడాది స్పైడర్ మ్యాన్ మిగతా మార్వెల్ హీరోల జట్టు ఎవెంజర్స్ మధ్యకి రాగలిగాడు. 2019 ఆగస్టులో ఆ ఒప్పందం చెడితే మళ్లీ అందరికీ టెన్షన్, సెప్టెంబరులో తిరిగి కుదిరింది. పాత్రను పుట్టించినవాళ్లకి దాని మీద ఎంత ప్రేమ ఉందో ఇందులో ఎక్కడా లెక్కలోకి రాలేదు, హక్కు కాగితం ఎవరి దగ్గరుందన్నదే చూశారు.

మీకు దీనికంటే ముఖ్యమైన ఉదాహరణ ఇంకొకటి ఉంది. మార్వెల్ వాళ్లదే మరో హీరోల జట్టు ఫెంటాస్టిక్ ఫోర్ సినిమా హక్కులు కొన్న జర్మన్ కంపెనీకి 1992 ఆఖరులోగా చిత్రీకరణ మొదలుపెట్టకపోతే హక్కు పోయే పరిస్థితి. అందుకని డిసెంబరు చివరి రోజుల్లో చాలా తక్కువ ఖర్చుతో ఒక సినిమా మొదలుపెట్టేశారు. అది విడుదల కానేలేదు, కానీ హక్కు నిలబడింది. వాడుకోని హక్కు జారిపోతుందన్న భయం అంత పని చేయించింది. మన కాపీరైట్ చట్టం, 1957లో కూడా ఇలాంటి నియమం ఉంది. సెక్షన్ 19(4) ప్రకారం అసైన్‌మెంట్ తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే అది రద్దయినట్టే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. 19(5) ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లే. లైసెన్సుకీ ఇవే నియమాలు వర్తిస్తాయని సెక్షన్ 30ఏ చెబుతుంది. మీ కాగితంలో ఈ రెండింటి గురించీ ఏమీ లేకపోతే సినిమా హక్కు 2020 జూన్‌లోనే మీకు తిరిగొచ్చినట్టు. కానీ '19(4) వర్తించదు, హక్కులు శాశ్వతం' అని ఏ తొమ్మిదో పేజీలోనో ఉంటే కథ తిరగబడుతుంది. నిర్మాణ సంస్థల లాయర్లు ఆ వాక్యం మామూలుగా మర్చిపోరు.

మిగతా డబ్బు ఇవ్వలేదు కాబట్టి ఒప్పందం చెల్లదని మీరనుకుంటున్నారు. కాదు. బాకీ వేరు, హక్కు వేరు. ఆ నాలుగు లక్షలకు దావా గడువు మూడేళ్లు. కోవిడ్ వల్ల సుప్రీంకోర్టు మినహాయించిన 15-3-2020 నుంచి 28-2-2022 వరకు కాలాన్ని తీసేసినా 2024 డిసెంబరుతో అయిపోయింది. ఇస్తామని వాళ్లు గడువు లోపల సంతకంతో రాసిచ్చి ఉంటే అక్కడినుంచి కొత్తగా లెక్కపెట్టొచ్చు, వెతకండి. లేకపోతే ఆ డబ్బు వదులుకోవడమే.

ఇక పాత తేదీ స్టాంపు పేపరు సంగతి. ఆ ఆలోచన ఈ రోజే వదిలేయండి. పేపరు మీద నంబరు ఉంటుంది, ఎవరికి ఎప్పుడు అమ్మారో రికార్డులో ఉంటుంది, ఎదుటి లాయరు మొదట లాగేది దాన్నే. ఇప్పటికి ఇది సివిల్ తగాదా మాత్రమే. ఆ కాగితం కోర్టులో పెట్టిన రోజున మీరిద్దరూ ఫోర్జరీ కేసులో ముద్దాయిలు, నిజంగా మీదైన హక్కు కూడా ఎవరూ నమ్మరు. పేరూ ముసుగు రంగూ మార్చి తీసేద్దామని ఎవరైనా సలహా ఇచ్చినా వినకండి. ఆలోచనకి కాపీరైట్ లేదని 1978లోనే సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పిన మాట నిజమే. కానీ మీ హీరో రూపం, కథ, శక్తులు అన్నీ అలాగే ఉంచి పేరు మారిస్తే అది కొత్త ఆలోచన అవదు.

ముందు లాయరు ద్వారా నోటీసుకి జవాబివ్వండి, అందులోనే అగ్రిమెంటు పూర్తి కాపీ పంపమని అడగండి. మీరే ఫోన్ చేసి మాట్లాడొద్దు, బతిమాలుతూ మెసేజ్‌లు పెట్టొద్దు, అవి రేపు వాళ్ల సాక్ష్యాలవుతాయి. 2018 నాటి ఒరిజినల్ ఫైళ్లున్న కంప్యూటర్ని ఫార్మాట్ చేయకండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ధ్రువీకరణ సర్టిఫికెట్ కావాలి.

పేజీలు చూశాక హక్కు తిరిగొచ్చిందని తేలితే డిక్లరేషన్‌కి, అంటే హక్కు మీదేనని కోర్టు ప్రకటించడానికి, కమర్షియల్ కోర్టుకి వెళ్దాం, తక్షణ స్టే అవసరం లేకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఆ దావాకీ మూడేళ్లే గడువు, మీ హక్కును వాళ్లు మొదటిసారి స్పష్టంగా కాదన్న రోజు నుంచి. కాబట్టి ఆ నోటీసు కవరు మీద పోస్టల్ ముద్రతో సహా దాచండి. హక్కు వాళ్ల దగ్గరే ఉందని తేలితే కూర్చుని మాట్లాడుకుని, ఈ ఒక్క సినిమాకి రాతపూర్వక అనుమతి కొనుక్కోవడం మంచిది. సోనీ, మార్వెల్ చేసుకున్నదీ ఆ మాదిరి సర్దుబాటే. ఈలోగా స్నేహితుడి హీరోతో అతన్ని ఒంటరిగా సినిమా మొదలుపెట్టుకోమనండి, దానికి ఈ నోటీసు అడ్డు కాదు. కాకపోతే అతని బొమ్మలు ఎవరు గీశారో కనుక్కుని, హక్కులు రాసివ్వమని వాళ్ల సంతకం ఇప్పుడే తీసుకోవాలి. రేపు ఓటీటీ వాళ్లు పొలానికి లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే ఇద్దరు హీరోల కాగితాలూ మొదటినుంచీ అడుగుతారు.