మ్యూజియం షాపులో వస్తువు: కొనేముందు ఏం చూడాలి?

గ్యాలరీలు చూసి బయటికి వచ్చేచోట ఉండే అమ్మకాల కౌంటర్ల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

మ్యూజియం షాపులో ఒక బిద్రీ డబ్బా చూశాం. అదే సైజుది బయట బజారులో సగం ధరకే ఉంది. రెండూ నల్లగానే ఉన్నాయి, రెండింటి మీదా తెల్లటి తీగపని ఉంది. తేడా ఎలా కనిపెట్టాలి? (కరీంనగర్ పాఠకురాలు)

బిద్రీ అంటే బీదర్ లోహపు పని. దానికి పోసే పోతలో జింకు ఎక్కువ, రాగి తక్కువ. సుమారు పదహారు పాళ్లకు ఒక పాలు. పోత చల్లారాక ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపు మీద గీతలు గీసి, ఉలితో గాడి చెక్కి, అందులో వెండి తీగనో రేకునో సుత్తితో దిగ్గొడతారు. మళ్లీ రాకి, వేడిచేసి, బీదర్ కోట మట్టి, నవాసాగరం కలిపిన ముద్ద పట్టిస్తారు. దాంతో జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. అంటే ఆ నలుపు పైన పూసిన రంగు కాదు, లోహమే అలా మారింది. పరీక్షలన్నీ ఈ సంగతి మీదే ఆధారపడి ఉంటాయి.

డబ్బాను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. అసలు నలుపు మెరవదు. పెయింటు అయితే మూలల్లో దళసరిగా పేరుకుంటుంది, అంచుల దగ్గర రేగి అడుగున తెల్ల లోహం కనిపిస్తుంది. తర్వాత గోటిని తీగ మీదుగా అడ్డంగా నడపండి. దిగ్గొట్టి రాకిన వెండి నేలతో సమంగా ఉంటుంది, గోరు తట్టుకోదు. అంటించిన రేకైతే అంచు తగులుతుంది. అయస్కాంతం మాత్రం సగం పనికే వస్తుంది. అతుక్కుంటే లోపల ఇనుముందని రూఢి, అతుక్కోకపోతే ఏమీ తేలనట్టే, ఎందుకంటే జింకుకీ అతుక్కోదు, అల్యూమినియానికీ అతుక్కోదు.

అల్యూమినియం సంగతి బరువే చెబుతుంది. ఇంటికి తెచ్చాక అనుమానం ఉంటే వంటింటి కాటాలో తూచి, మూత తీసి, గాలి బుడగ మిగలకుండా కొలపాత్రలో ముంచండి. 350 గ్రాముల డబ్బా సుమారు 50 మిల్లీలీటర్ల నీటిని పైకి నెడితే జింకు, 130 దాకా నెడితే అల్యూమినియం. వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి.

వెండి బదులు వేరే తెల్ల తీగ వాడారా అన్నది కంటితో తేల్చడం కష్టం. అందుకే బిల్లులో 'బిద్రీ బాక్స్' అని ఊరుకోకుండా 'జింకు మిశ్రమం, వెండి తీగ' అని రాయించుకోండి. తీగపని కంటే రేకుపనికి వెండి ఎక్కువ పడుతుంది కాబట్టి ఒకే సైజులో రెండు ధరలుంటే అది మోసమే అనుకోనక్కర్లేదు. ఇంట్లో చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పాలిష్ దాని దరిదాపులకు రానివ్వకండి. అవి నలుపును తినేస్తాయి. మెత్తటి నూలుగుడ్డకు ఒక చుక్క కొబ్బరినూనె చాలు.

'కలంకారీ' అని చీటీ ఉన్న దుపట్టా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ప్రింటులా అనిపిస్తోంది. మోసపోయానా? (రాజమహేంద్రవరం పాఠకురాలు)

ముందు మీ దుపట్టా ఏ ఊరి పద్ధతిదో చూడాలి. శ్రీకాళహస్తిది కలంతో గీసే పని. మచిలీపట్నం, పెడనలది చెక్క అచ్చులతో అద్దే పని. రెండూ కలంకారీలే, రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కాబట్టి అచ్చు పడినంత మాత్రాన నకిలీ కాదు. ఈ రెండూ కాక స్క్రీన్ ప్రింటు మీద, మిల్లు ప్రింటు మీద అదే పేరు రాసి అమ్మడమే తప్పు.

గుడ్డను బల్లమీద పరిచి ఒకే పువ్వు నాలుగుచోట్ల ఎక్కడొచ్చిందో వెతకండి. కలంపనిలో నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి, గీత మొదట్లో లావుగా, చివర్లో సన్నగా సాగుతుంది. చెక్క అచ్చులో పువ్వు అదే అయినా అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి జరుగుతుంది, రంగు ఒకచోట ముదురు, ఒకచోట లేత. స్క్రీన్ ప్రింటులో నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే, అతుకులు కనిపించవు.

ఇక గుడ్డ తిరగేయండి. సంప్రదాయ పద్ధతిలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది, కరక్కాయ ఇనుప నీళ్లతో కలిసి నలుపవుతుంది. ఆ నీళ్లు బెల్లం, ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టినవి. ఎరుపు రావాలంటే ముందు పటిక అద్దాలి, తర్వాత ఎర్ర రంగునిచ్చే వేళ్లతో ఉడికించాలి. ఇలా ఉడికిన రంగు నూలు లోపలికి దిగుతుంది కాబట్టి వెనకవైపు కూడా బొమ్మ బాగా తెలుస్తుంది. పిగ్మెంటు ప్రింటైతే వెనక వెలిసినట్టు ఉంటుంది, ముందు వేలితో తడిమితే సన్నటి పొర తగులుతుంది. చిలకపచ్చ, మెరిసే గులాబి, నియాన్ నీలం కనిపిస్తే రసాయన రంగే. రసాయన రంగు వాడిన కలంపనీ ఉంది, అది చేతిపనే. కాకపోతే ధర చెప్పేటప్పుడు 'సహజ రంగులు' అనకూడదు.

మీ దుపట్టా స్క్రీన్ ప్రింటని తేలితే బిల్లు, చీటీ రెండూ తీసుకుని వెళ్లి మార్చమని అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. చీటీ మీద ఉన్న మాటే మీకు సాక్ష్యం, పారేయకండి.

రెండేళ్ల మనవడికి కొండపల్లి బొమ్మలు కొనవచ్చా? (ఖమ్మం పాఠకుడు)

చూడటానికైతే కొనండి, ఆడుకోవడానికి వద్దు. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, మెత్తన. చేతులు, తలలు విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పసివాడు నోట్లో పెట్టుకుంటే ఉమ్మితడికి ఆ అతుకు వదులవుతుంది, పైన ఎనామిల్ రంగు ఉంటే పెచ్చులు లేస్తాయి. గృహోపయోగ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదని 2016 నియమాలు చెబుతున్నాయి, కానీ ఒక్కో బొమ్మకు ఏ డబ్బాలోని రంగు వేశారో కొనేవాడికి తెలిసే దారి లేదు.

ఆ వయసుకు ఏటికొప్పాక లక్క బొమ్మ మేలు. అంకుడు కర్రను తరిణ (లేత్) మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికే రంగు లక్కను కరిగించి పట్టిస్తారు. అయినా మూడు విషయాలు చూడాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఊడివచ్చే భాగం ఏదీ 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టేంత చిన్నదిగా ఉండకూడదు. అంటే గిలకలోని పూసలు, గుబ్బలు లాగి చూడండి. దారం పొడవుగా ఉంటే కత్తిరించండి. శానిటైజర్‌తో తుడవకండి, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది. తడిగుడ్డ చాలు. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపున్న బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి కాదు కాబట్టి అది లేదని భయపడనక్కర్లేదు. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ బొమ్మకు మాత్రం ఉండి తీరాలి.

ముసుగు రెబెక్కా నమూనా విగ్రహం 'మార్బుల్' అంటున్నారు. నిజమేనా? (హైదరాబాద్ పాఠకుడు)

సాలార్‌జంగ్ మ్యూజియంలోని రెబెక్కా ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పం. మొదటి సాలార్‌జంగ్ 1876లో తెచ్చారు. చిన్న నమూనాలు చాలావరకు అచ్చులో పోసినవే, పాలరాతి పొడి కలిపిన రెజిన్‌తో. అడుగు తిరగేసి అచ్చు అతుకు గీత, సూదిమొనంత బుడగ గుంటలు వెతకండి. రెండూ చెక్కిన రాతిలో ఉండవు. రాయి చేతికి చల్లగా తగులుతుంది, రెజిన్ తొందరగా చేతి వేడికి వచ్చేస్తుంది. నిమ్మరసం చుక్క వేసి నురగ వస్తే రాయే అని కొందరు చెబుతారు. నమ్మకండి. రెజిన్‌లో కలిపిన పాలరాతి పొడి కూడా నురగ కక్కుతుంది, వస్తువు మీద మచ్చ మిగులుతుంది.

రెజిన్ కావడం తప్పేమీ కాదు, చీటీ మీద అలాగని రాస్తే చాలు. అసలు పరీక్ష పనితనానిది. కొనేముందు మళ్లీ గ్యాలరీకి వెళ్లి ముసుగు కింద ముక్కు, పెదవి ఎలా తెలుస్తున్నాయో చూసి రండి. నమూనాలో ముసుగు బదులు మొద్దు ముఖం ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.

మా జిల్లా మ్యూజియంలో చిన్న షాపు పెడుతున్నాం. సరఫరాదారులు తెచ్చే నమూనాలను ఏ లెక్కన ఎంపిక చేయాలి? (పల్నాడు జిల్లా నుంచి ఒక ఎంపిక కమిటీ సభ్యురాలు)

మీ అలమారాల్లో ఉన్న వస్తువులతో దీనికి ఏం సంబంధం? ప్రతి నమూనాకూ మొదట ఈ ప్రశ్న వేయండి. జవాబు ఒక్క వాక్యంలో రాయలేకపోతే తిప్పి పంపండి. తాజ్‌మహల్ కీచైను ఎక్కడైనా దొరుకుతుంది. మీ జిల్లాలోనే దుర్గి రాతిశిల్పులు ఉన్నారు, అరచేతిలో ఇమిడే తామరపువ్వు ఫలకం వాళ్లచేత చేయించవచ్చు. అమరావతి శిల్పాల బొమ్మలు వేసిన వస్తువు అయితే చీటీలో 'పాలరాయి' అని రాయనివ్వకండి. పాత పుస్తకాల్లో అలా పిలిచినా అది పల్నాటి సున్నపురాయి. అసలు ఫలకం ఇప్పుడు అమరావతిలో ఉందో, చెన్నై మ్యూజియంలో ఉందో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉందో కూడా రాయాలి. షాపు చీటీలో తప్పు ఉంటే ఆ తప్పు మ్యూజియం పేరుతో ఇళ్లకు వెళుతుంది.

తర్వాత వస్తువును కష్టపెట్టి చూడండి. బట్టకు: తెల్ల నూలుగుడ్డతో పొడిగా పదిసార్లు, తడిపి పదిసార్లు రుద్దండి. జానెడు ముక్కను తెల్లగుడ్డతో కలిపి గోరువెచ్చని సబ్బునీళ్లలో అరగంట నానబెట్టండి. తెల్లగుడ్డ రంగు ఎక్కితే సరుకు వద్దు. పోస్టరుకు, కార్డుకు: సగం నల్లకాగితంతో కప్పి ఎండ పడే కిటికీలో రెండు వారాలు ఉంచండి, రెండు సగాలూ పక్కపక్కన పెడితే వెలిసింది లేనిది తెలుస్తుంది. బొమ్మ అచ్చు సైజులో అంగుళానికి 300 చుక్కలు లేకపోతే ముఖాలు మసకబారతాయి. ఫ్రిజ్ అయస్కాంతం నిలువు తలుపు మీద జారకుండా ఉండాలి. చాలావాటికి వెనక అంటించిన అయస్కాంతపు ముక్క చాలదు.

కర్ర వస్తువుల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే పుచ్చు పురుగు షాపు నుంచి గ్యాలరీలోకి పాకితే పోయేది పాత వస్తువులు. వచ్చిన సరుకును దుకాణంలోకి తేకముందు పారదర్శకమైన సంచుల్లో, అడుగున తెల్లకాగితం వేసి, మూతి బిగించి, విడి గదిలో మూడు వారాలు ఉంచండి. కాగితం మీద సన్నటి పొడి రాలితే ఆ సంచిని విప్పకుండా బయటికి పంపేయండి. డీప్ ఫ్రీజర్లో పెట్టడం కొన్నిటికి మందే గానీ లక్క, మక్కు, రంగు పూసినవి పగులుతాయి, వాటికి పనికిరాదు. సరిగ్గా ఆరని కర్ర అయితే ఈ మూడు వారాల్లోనే బూజు పట్టి గానీ నెర్రెలిచ్చి గానీ బయటపడుతుంది.

ఒప్పుకున్న నమూనాను సంతకాలతో సంచిలో సీలు చేసి దాచండి. మొదటిసారి ఇరవైకి మించి తెప్పించకండి, ప్రతిదాన్నీ ఆ నమూనా పక్కన పెట్టి చూడండి. చేతిపనిలో ఒకటి ఒకలా, ఒకటి మరోలా ఉండటం లోపం కాదు. అతుకు కదలడం, రంగు అంటడం, నిలబెడితే ఊగడం లోపాలు. తిప్పి పంపేటప్పుడు కారణం రాసి పంపండి, లేకపోతే రెండో విడతలో అదే తప్పు వస్తుంది.

ధర గురించి మా అభిప్రాయం గట్టిగానే చెబుతాం. 'అమ్ముడైతే డబ్బిస్తాం' అనే పద్ధతి కళాకారుడి మీద పెట్టకండి. కర్ర, రంగు, కూలి అతను ముందే పెట్టాడు. సరుకు అందిన రోజే చెల్లించి, తక్కువ తెప్పించుకోండి. మీ అమ్మకం ధరలో ప్యాకింగు, పగుళ్లు, కౌంటర్ మనిషి జీతం కలుపుకోండి. బేరమాడి కళాకారుడి వాటా తగ్గించకండి. స్కూలు పిల్లలు జేబుడబ్బుతో కొనగలిగే వస్తువు ఒక్కటైనా, పోస్టుకార్డు అయినా, ఉంచండి.

అమెరికాలో ఉన్న అమ్మాయికి నమూనా నాణేలు, కాంస్య విగ్రహం పంపాలి. విమానాశ్రయంలో ఇబ్బందా? (నెల్లూరు పాఠకురాలు)

నూరేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటిని వ్యక్తులు దేశం దాటించకూడదు. కొత్త నమూనాకు ఆ అడ్డు లేదు. కానీ పాతదానిలా కనిపించేలా ఆకుపచ్చ, నలుపు పట్టించిన విగ్రహాన్ని చూసి అధికారికి అనుమానం రావడం సహజం. బిల్లులో 'నమూనా', తయారైన సంవత్సరం, లోహం రాయించండి. నాణెం మీద నమూనా అనే గుర్తు ఉన్నవే కొనండి. విగ్రహం పెద్దదైతే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ముందే తీసుకోండి, బయలుదేరే వారంలో కాదు. ఆస్ట్రేలియాకు పంపేవాళ్లు కర్ర బొమ్మలున్నాయని తప్పకుండా డిక్లరేషన్‌లో రాయాలి. బెరడు మిగిలి ఉన్నవి, పురుగు రంధ్రాలు ఉన్నవి అక్కడ ఆపేస్తారు.