కొత్త పిల్లికి ముందు గది, తర్వాతే ఇల్లు

పెంపుడు జంతువుల శీర్షికకు ఈమధ్య వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే చిక్కు గురించి: ఇంట్లో పిల్లో కుక్కో ఉండగా మరో పిల్లిని తెచ్చుకోవడం. అందుకే ఈసారి జాగా మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: మా ఇంట్లో ఆరేళ్ల మగ పిల్లి (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది), మూడేళ్ల లాబ్రడార్ ఉన్నాయి. పిల్లికి తోడుగా ఇంకొకటి తెద్దామనుకుంటున్నాం. పిల్లిపిల్ల మంచిదా, పెద్దదా? ఆడదా, మగదా? షాపువాళ్లు పర్షియన్ తీసుకోమంటున్నారు. (విజయవాడ)

జవాబు: మీ పిల్లికి నిజంగా తోడు కావాలా అన్నది ముందు చూడండి. కిటికీ అవతల వీధిపిల్లి కనబడగానే తోక ఉబ్బించి, గుర్రుమని, ఆ కోపం మీ కాళ్ల మీద చూపించే రకమైతే ఒంటరిగా ఉండటమే దానికి సుఖం. చిన్నప్పుడు మరో పిల్లితో కలిసి పెరిగినదైతే, ఇప్పుడు కుక్క పక్కన నిశ్చింతగా పడుకునేదైతే ధైర్యంగా తెచ్చుకోవచ్చు.

ఆరేళ్ల పిల్లికి రెండు నెలల కూన తోడు కాదు, బెడద. అది రోజంతా ఆటకు రమ్మని మీద పడుతుంది, ఇది మంచం కింద దాక్కుంటుంది. మూడు నాలుగేళ్ల, నెమ్మదైన పిల్లి మీ ఇంటికి బాగా సరిపోతుంది. కూనలే కావాలంటే ఒకే ఈతలో పుట్టిన రెండింటిని తీసుకోండి. వాటి ఆట చాలావరకు వాటి మధ్యే సాగుతుంది. ఎనిమిది వారాలు నిండకుండా మాత్రం తల్లి దగ్గర్నుంచి తేవద్దు, పన్నెండు వారాలైతే ఇంకా మంచిది. ఎంత గట్టిగా కొరకొచ్చు, గోరు ఎక్కడ ఆపాలి అన్నది తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటాయి.

ఆడా మగా అన్నదాని కన్నా ఆపరేషన్ అయిందా లేదా అన్నది ముఖ్యం. ఆపరేషన్ కాని మగ పిల్లి గోడల మీద మూత్రం చిమ్ముతుంది. ఆడది నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. మీకు లాబ్రడార్ ఉంది కాబట్టి, కుక్కలున్న ఇంట్లో పెరిగిన పిల్లి దొరుకుతుందేమో వెతకండి. ఆ ఒక్కటి కలిసొస్తే సగం పని తప్పినట్టే. ఇక పర్షియన్ అంటే చదును ముఖం వల్ల ఊపిరికీ కళ్లకూ ఇబ్బంది, రోజూ దువ్వకపోతే ఉండలు కట్టే బొచ్చు, పైన బెజవాడ ఎండ. మా ఓటు నాటు పిల్లికే.

చూడ్డానికి వెళ్లినప్పుడు చెవి మడిచి లోపల చూడండి. కాఫీ పొడి లాంటి నల్లటి మురికి ఉంటే చెవి పురుగులున్నాయన్నమాట, మీ పాత పిల్లికీ కుక్కకూ అంటుకుంటాయి. గుండ్రంగా వెంట్రుకలు రాలిన మచ్చలుంటే తామర కావచ్చు, అది మనుషులకూ వస్తుంది. ఇవి నయమయ్యేవే. ముందే చికిత్స చేయించి తీసుకురండి. ఫెలైన్ ల్యుకేమియా, ఎఫ్‌ఐవీ అనే పిల్లుల వైరస్ జబ్బుల పరీక్ష మాత్రం ఇంటికి తెచ్చే ముందే చేయించాలి. ల్యుకేమియా వైరస్ లాలాజలంతో, ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా పాకుతుంది. ఎఫ్‌ఐవీ ఎక్కువగా లోతైన కాట్ల వల్ల వస్తుంది.

ప్రశ్న: కొత్త పిల్లిని తెచ్చి రెండు రోజులైంది. వేరే గదిలో పెట్టాం. పాత పిల్లి ఆ తలుపు దగ్గర కూర్చుని బుసకొడుతోంది. ‘వదిలేయండి, రెండు రోజులు కొట్టుకుని అవే సర్దుకుంటాయి’ అంటున్నారు. మాది రెండు పడకగదుల ఫ్లాట్. (హైదరాబాద్)

జవాబు: ఆ సలహా వినకండి. పిల్లుల మధ్య మొదటి కొట్లాట మామూలు కొట్లాట కాదు. ఆ భయం వాటికి నెలల తరబడి గుర్తుంటుంది. తలుపు దగ్గర బుసకొట్టడం మాత్రం మామూలే, కంగారుపడొద్దు. ‘దగ్గరికి రాకు’ అని చెప్పుకోవడమే అది.

టీకాలు, పరీక్షలు అన్నీ అయిన పిల్లినైనా కనీసం పది రోజులు విడిగా ఉంచండి. టీకాలు పూర్తికాని దాన్ని రెండు వారాలు ఉంచాలి. ఆ గదిలో ఒక మూల లిట్టర్ ట్రే (మలమూత్రాలకు ఇసుక పోసిన ట్రే), ఎదురు మూల తిండి, నీళ్లు, దాక్కోవడానికి ఒక పక్క కోసిన అట్టపెట్టె, ఎక్కి కూర్చోవడానికి బీరువా పైనో అల్మారాలోనో చోటు ఉండాలి. బాత్రూమ్‌లో పెట్టొద్దు, తడి నేల మీద అది కుదురుకోదు. రోజూ ముందు పాత పిల్లి పనులు చూసుకుని, తర్వాత కొత్తదాని గదికి వెళ్లండి. ఆ గదికి వేరే చెప్పులు వాడండి. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక పరిచయం ముందు వాసనతో మొదలవ్వాలి. ఉతికిన నూలు గుడ్డతో కొత్త పిల్లి బుగ్గల మీద, నోటి పక్కల మెల్లగా రుద్దండి. ఆ గుడ్డను పాత పిల్లి గిన్నెకు మూడడుగుల దూరంలో వేయండి. రెండో దాని వాసనా ఇలాగే అటు చేరవేయండి. వాసన చూసి వెళ్లిపోయి తిండి తింటే రోజుకు కొంచెం దగ్గరికి జరపండి. గుడ్డను చూసే బుసకొడితే ఇంకా దూరం పెట్టండి. ఇది కుదిరాక, పాత పిల్లిని ఒక గదిలో ఉంచి కొత్తదాన్ని అరగంట హాల్లో తిరగనివ్వండి. ఆ సమయంలో ఒకదానికొకటి కనబడకూడదు.

వాసన గొడవ సర్దుకుంటుండగానే భోజనాలు మొదలుపెట్టండి. మూసిన తలుపుకు అటూ ఇటూ ఆరేసి అడుగుల దూరంలో గిన్నెలు పెట్టి ఒకే వేళకు వడ్డించండి. రెండూ ప్రశాంతంగా తింటే మరుసటి పూట అర అడుగు దగ్గరికి జరపండి. తినడం ఆపి తలుపు వైపే చూస్తుంటే వెనక్కి జరపాలి. తలుపు పక్కనే తినే స్థితికి వచ్చాకే ఒకదానికొకటి కనబడేలా చేయండి. మన ఇళ్లలో దోమల జాలీ తలుపు ఉంటే దీనికి అంతకన్నా మంచి సాధనం లేదు. జాలీకి పాత తువ్వాలు కట్టి, రోజూ కొద్దిగా పైకి మడుస్తూ పోండి. అయిదు పది నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు. అప్పుడు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ పోగులు పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఆ చికెన్ మరే వేళలోనూ పెట్టకపోతే, రెండో పిల్లి కనబడటమంటే చికెన్ వచ్చే వేళ అని వాటికి తెలిసిపోతుంది.

తలుపు తీసే రోజు ఇద్దరు మనుషులుండాలి, చెరో పిల్లి దగ్గర. తిన్న తర్వాత, కర్రకు కట్టిన ఈకతో ఆడిస్తూ పది నిమిషాలు కలవనిచ్చి, ప్రశాంతంగా ఉన్నప్పుడే విడదీయండి. గది పెద్దదిగా ఉండాలి. పారిపోవడానికి రెండు దారులుండాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మూడో రోజున తలుపు కింద నుంచి ముక్కులు ఆనించుకున్నాయని మురిసిపోయి తలుపు తీసేస్తారు. కూనలైతే రెండు మూడు వారాల్లో కలవొచ్చు. పెద్ద పిల్లులకు ఒకటి నుంచి మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఆటకీ పోట్లాటకీ తేడా వినికిడిలో తెలుస్తుంది. ఆటలో పెద్దగా చప్పుడుండదు, ఒకసారి ఇది పైన, ఒకసారి అది పైన. కేకలు వినబడుతున్నా, ఎప్పుడూ ఒకటే తరుముతున్నా, చెవులు తలకు అంటుకుపోయినా అది ఆట కాదు. చెయ్యి అడ్డం పెట్టొద్దు. మధ్యలోకి అట్టముక్క దూర్చండి, లేదా దుప్పటి వేయండి. ఒకటి రెండు రోజులు విడిగా ఉంచి మళ్లీ గుడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టండి. కాటు పడితే పైకి చిన్న గాటే కనిపిస్తుంది. రెండు నుంచి నాలుగు రోజుల్లో లోపల చీము పడుతుంది. అందుకే వెంటనే డాక్టర్‌కు చూపించండి.

చప్పుడు లేని దౌర్జన్యం ఇంకొకటుంది. ఒక పిల్లి నడవాలో కదలకుండా కూర్చుని చూస్తుంటుంది, రెండోది ట్రే వైపు రావడానికి జంకుతుంది. సోఫా మీద మూత్రం పోస్తోందని మీరు దాన్నే కోప్పడతారు. రెండు పిల్లులకు మూడు ట్రేలు వేర్వేరు చోట్ల ఉండాలి. మూడూ పక్కపక్కనే పెడితే పిల్లి లెక్కలో ఒకటే. మగ పిల్లి ట్రేలో మళ్లీ మళ్లీ కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. నాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఏ పిల్లయినా పూర్తిగా తిండి మానేసి 24 గంటలు దాటితే డాక్టర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: కుక్కకు గోమార్లు ఎక్కువ. మెడ మీద వేసే చుక్కల మందు వాడుతున్నాం. కొత్త పిల్లికీ అదే వేయొచ్చా? కుక్కను, పిల్లిని ఎలా కలపాలి? (వరంగల్)

జవాబు: వేయకండి. కుక్కల మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విడగొట్టలేదు. వణుకు, కండరాలు ఎగరడం, మూర్ఛ మొదలవుతాయి. కుక్క మెడ తడిగా ఉన్నప్పుడు పిల్లి ఆనుకుని పడుకున్నా ప్రమాదమే, మూడు రోజులు దూరంగా ఉంచండి. పొరపాటున పడితే గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో కడిగి అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తండి. గోమార్లకు వాడే అమిట్రాజ్ అనే మందు కూడా పిల్లికి వద్దు. ‘పిల్లులకు’ అని పెట్టె మీద రాసి ఉన్న మందును, బరువుకు తగ్గ మోతాదులో, డాక్టర్‌ను అడిగి వాడండి. నేల తుడిచే ఫినాయిల్ కూడా ఆ గదిలో మానేయండి. పాదాలకంటిన దాన్ని నాకి పిల్లులు జబ్బుపడతాయి.

కలిపేటప్పుడు కుక్కను బాగా నడిపించి, అలసిపోయాక పట్టీతో తీసుకురండి. పిల్లి ఎత్తులో, కుక్కకు అందని చోట ఉండాలి. ఎత్తుకుని కుక్క ముఖం ముందు పెట్టొద్దు, బెదిరితే మీ ముఖమే గీరుకుపోతుంది. కుక్క చూపు తిప్పుకున్న ప్రతిసారీ చిన్న ముక్క పెట్టండి. బిగుసుకుపోయి, రెప్పవేయకుండా, మూలుగుతూ చూస్తుంటే ఆ పూటకు ఆపేయండి. నెలలు గడిచి నమ్మకం కుదిరేదాకా రెండింటినీ ఒంటరిగా వదలొద్దు. పిల్లి తిండి అలమారు మీద పెట్టండి. కుక్క తిండి పిల్లికి సరిపోదు, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం అందులో చాలదు.

ప్రశ్న: పోయిన ఏడాది మా కూన వాంతులు, రక్త విరేచనాలతో చనిపోయింది. పాన్‌ల్యుకోపేనియా (పిల్లుల వైరస్ జబ్బు) అన్నారు. ఇప్పుడు మరో కూనను తెచ్చుకోవచ్చా? (గుంటూరు)

జవాబు: ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు. శానిటైజర్‌కు చావదు. పాత ట్రే, గిన్నెలు, పరుపు పారేయండి. నేలను సబ్బుతో కడిగి ఆరాక, లీటరు నీళ్లకు 30 మి.లీ. చొప్పున ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రావణం కలిపి తుడిచి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. బ్లీచ్‌ను యాసిడ్‌తో కలపకూడదు. ఇంత చేసినా మీకు మా సలహా, టీకాలు పూర్తయిన పెద్ద పిల్లిని తెచ్చుకోమనే. కూనే కావాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా టీకాలన్నీ మరోచోట పూర్తిచేయించి అప్పుడు ఇంటికి తెండి.

ప్రశ్న: మా ఇంట్లో బడ్జీలు (చిన్న చిలుకలు) ఉన్నాయి. పిల్లి వాటికి అలవాటుపడుతుందా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఆ అలవాటు మీద ఆధారపడొద్దు. పంజరాన్ని పిల్లి వెళ్లని గదిలో, తలుపు దానంతటదే మూసుకునేలా స్ప్రింగ్ బిగించి ఉంచండి. పిల్లి గోరు చిన్నగా గీరినా, పన్ను తగిలినా దాని లాలాజలంలోని పాశ్చురెల్లా బ్యాక్టీరియా పిట్టను ఒకటి రెండు రోజుల్లో చంపేయగలదు. పైకి గాయం కనబడకపోయినా అదే పూట పిట్టను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ తొందరగా పడితేనే బతికే ఆశ ఉంటుంది.