కణవిభజన ఫొటోలు తోటి టీచర్లకు ఇవ్వాలంటే

ప్రశ్న: ఉల్లి వేరు కొన స్లైడ్లు ఫొటో తీసి కణవిభజన వర్క్‌షీట్ చేశాను. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలూ అందులో కలిశాయి. అందరూ వాడుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

జవాబు: తప్పకుండా పెట్టండి, కానీ ముందు ఆ బొమ్మల సంగతి తేల్చుకోండి. ఉచితంగా దొరికినంత మాత్రాన పంచే హక్కు రాదు. క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్స్, అంటే షరతులతో వాడుకోవచ్చని హక్కుదారు ముందే ఇచ్చిన అనుమతి, ఉంటే బొమ్మ పేరు, గీసినవారి పేరు, లింకు, లైసెన్స్, మీరు చేసిన మార్పు దాని కిందే రాయండి. ఆ లైసెన్స్‌లో ‘ఎన్‌డీ’ (నో డెరివేటివ్స్, మార్చినది పంచరాదు) అని ఉంటే లేబుళ్లు తెలుగులోకి మార్చి పంచకూడదు, అనువాదమూ మార్పే. లైసెన్స్ తెలియని బొమ్మ తీసేయండి. మీ సొంత ఫొటోలకు ‘సీసీ బై 4.0’ లైసెన్స్ మేలు, మీ పేరు చెప్పి ఎవరైనా మార్చుకోవచ్చు.

ఫొటో కింద ‘400 రెట్లు’ అని రాసి వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. తెర మీద పెద్దది చేయగానే ఆ అంకె తప్పవుతుంది. అదే ఆబ్జెక్టివ్‌తో (స్లైడ్ వైపు ఉండే కటకం), కెమెరా జూమ్ కదపకుండా స్టేజ్ మైక్రోమీటర్‌ను (సన్నని కొలత గీతలున్న స్లైడ్) కూడా ఫొటో తీయండి. దాన్ని కొలతగా పెట్టుకుని 20 మైక్రోమీటర్ల గీత బొమ్మలోనే వేయండి. బొమ్మతోపాటు గీతా సాగుతుంది. కణాలు కనిపించేలా స్లైడ్‌కు వాడిన రంగు పేరు రాయండి.

పీడీఎఫ్ ఒక్కటే పెడితే దిద్దుకోవడం కష్టం, ఎడిట్ చేయగల ఫైలూ జతచేయండి. లేబుళ్లు లేని ప్రతి కూడా ఉండాలి, పరీక్షకు పనికొచ్చేది అదే.